తోట యెవరిది?

ఇటీవల మా పొరుగూరి తెలుగు సంఘమొకటి తన సర్వసభ్య సమావేశమునకు మమ్ము ఆహ్వానింపగా పోయితిమి. ఆ సంఘ భవనము వెనుక, పెద్దలు నాటిన చిన్న తోట యొకటి కలదు. చదరపు నేల. అడ్డముగా నొకటి, నిలువుగా నొకటి సాగు బాటలు దానిని నాలుగు మడులుగా చేయుచున్నవి. బాటలు కలియు చోట ఒక రాతితొట్టి. ఒకప్పుడు బావినీరు ఆ తొట్టి నిండి, నాలుగు కాలువల వెంట పారి, మామిడి, దానిమ్మ, పొగడ, సంపెంగ చెట్ల పాదులకు చేరెడిదట. నేడు తొట్టిలో ఎండుటాకులు, బావిపై రేకు. ఆ తోటను చదును చేసి, సిమెంటు పోసి, కార్లు నిలుపుకొనుటకు వీలు కల్పింపవలెనని సభలో ఒక తీర్మానము వచ్చినది. ఒక సభ్యుడు లేచి, "ఇది పాదుషాల పద్ధతి తోట. తెలుగువారి సంస్కృతికిని దీనికిని సంబంధమేమి?" అనెను. చప్పట్లు మ్రోగినవి. తుది నిర్ణయము మరుసటి సమావేశమునకు వాయిదా పడినది.

ఆ సభ్యునిపై మాకు కోపము లేదు. కారు నిలుపుటకు చోటు లేని నగరములో చోటు కావలెననుట నేరము కాదు. కాని అవసరమును అవసరమని చెప్పక, దానికి సంస్కృతి యను ముసుగు వేయుటయే మాకు కష్టము కలిగించినది. ఆ చప్పట్లకు మా సమాధానము ఈ వ్యాసము.

మొదట, పాదుషాల పద్ధతి యనగా నేమో చూతము. నీటికాలువలతో తోటను నాలుగు భాగములు చేయు పద్ధతికి చార్‌బాగ్ అని పేరు. ఇది మొగలాయిలు పుట్టించినది కాదు. క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దిలో పారశీక చక్రవర్తి కురుషుడు పసర్గదే నగరమున వేయించిన తోట రాతికాలువలు నేటికిని కనబడుచున్నవి. ఎడారి అంచున బ్రదుకువానికి నీరే స్వర్గము. కావుననే నీటిని నడుమనుంచి, దాని చుట్టు నీడను పెంచి, దానికి గోడ కట్టి వడగాలిని వెలుపల నిలిపిరి. ఇస్లాము వచ్చిన పిమ్మట స్వర్గమందలి నాలుగు నదుల భావన ఈ నాలుగు కాలువలతో ఏకమైనది. 1526లో పానిపట్టున గెలిచిన బాబరు ఆగ్రా చేరి, ఈ దేశమున పారు కాలువలు లేవని, ఎండ, దుమ్ము, వడగాలి భరింపరానివని తన స్వీయచరిత్రలో గొణిగెను. గొణిగి ఊరకుండలేదు. యమున ఆవలి గట్టున బావులు త్రవ్వించి, నీరు తోడు రాట్నములు కట్టించి, కొలతలు తప్పని తోట వేయించెను. అట్టి తోటను ముందెన్నడు చూడని జనులు ఆ గట్టునకు కాబూలని పేరు పెట్టిరి.

అటుపిమ్మట జరిగినది ఈ దేశపు కథయే. 1565 ప్రాంతమున ఆరంభమైన ఢిల్లీలోని హుమాయూను సమాధికి చుట్టును ముప్పది యారు చదరములుగా తోట అమరినది. 1619లో కాశ్మీరమున జహంగీరు షాలిమారు తోటకు పూనుకొనెను. 1633లో నూర్జహాను సోదరుడైన ఆసఫ్‌ఖాను దాల్ సరస్సు ఒడ్డున, కొండవాలున, పండ్రెండు అంతరువులుగా నిషాత్ బాగును తీర్చెను. మైదానపు తోటలో పడుకొనియున్న నీరు కాశ్మీరమున మెట్టుమెట్టుగా దిగనేర్చినది. గాట్లు చెక్కిన వాలు రాతిపలకపై తెరవలె జారునట్టి నీటికి చాదరని పేరు. జలపాతము వెనుక గోడలో చిన్నచిన్న గూళ్లు తొలిచి, పగలు పూలు, రాత్రి దీపములు ఉంచెడివారు. పడుచున్న నీటి వెనుక వెలుగు దీపమును ఊహించుకొనుడు! అందమనగా నేమో ఎరిగిన చేతులు చేసిన పని అది.

అందము మాట యటుండనిచ్చి, ఇందలి యుక్తిని చూడుడు. ఈ తోటలలో బాట ఎత్తు, మడి పల్లము. కాలువ పొంగినప్పుడు నీరు తనంతట మడిలోనికి దిగి చెట్ల వేళ్లను తడుపును. బాటపై నడచువాని చేతికి దానిమ్మపండు అందును. నీరు చల్లదనమునిచ్చి, అద్దమై ఆకాశమును చూపి, తుదకు చెట్టునకు ఆహారమగును. ఒక్క నీటిబొట్టుచేత మూడు పనులు చేయించుకొనిన వారిని విలాసపురుషులని తేలికగా కొట్టివేయుట న్యాయమా?

ఇక, ఇది పరాయిది యను వాదమునకు వత్తము.

మన యిండ్ల పెండ్లిండ్లలో వచ్చినవారిపై పన్నీరు చల్లుదుము. మన ఆడపడుచుల జడలలో గులాబి లేని శుభకార్యమున్నదా? ఆ పేరు పారశీకము. అచ్చట గులాబనగా పూవునీరు, అనగా మన పన్నీరే. మనము నీటి పేరును పూవునకే పెట్టుకొంటిమి. అంజూరము, బాదము అను మాటలు సైతము ఆ దారినే మన నోట చేరినవి. మిరపకాయ సముద్రముల ఆవల అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో ఈ దేశమునకు వచ్చినది. మిరప పరాయిదని ఆవకాయను వదలుకొనిన తెలుగువానిని మాకు చూపుడు. అప్పుడు తోట పరాయిదను మాటను ఆలోచింతము.

పైగా తెలుగువానికి ఉద్యానము క్రొత్తదా? మహాకావ్యమునకు చెప్పిన అష్టాదశ వర్ణనలలో ఉద్యాన వర్ణన యొకటి, సలిలక్రీడా వర్ణన యొకటి. తోటను, నీటిని వర్ణింపనేరని కవిని మన పూర్వులు మహాకవుల పంక్తిలో కూర్చుండనీయలేదు. తమిళనాట స్థిరపడిన మన సోదరులు మధురలోని పుదుమండపమును ఎరుగుదురు. పదునేడవ శతాబ్దిలో తిరుమల నాయకుడు వసంతోత్సవమునకై కట్టించిన మండపము అది. వేసవి తాపము సోకకుండ దాని చుట్టును నీరు నిలుపు ఏర్పాటు కలదు. నీటి నడుమ మండపమున కూర్చుండి వేసవిని చల్లబరచుకొను కోరిక ఆగ్రాలో పుట్టినను, మధురలో పుట్టినను కోరిక ఒక్కటే. గోలకొండలో కుతుబ్‌షాహి సమాధులు తోటల నడుమనే వెలసినవి. వారు మొగలాయిలు కారు, మొగలాయిలతో పోరాడినవారు. అయినను తోట విషయమున ఇరువురును ఒకే బడిలో చదివినవారు.

కన్నడనాట నున్న మనము మరియొక సంగతి తెలిసికొనవలెను. ఔరంగజేబు సేనలు బిజాపురమును గెలిచిన పిమ్మట 1687లో సిరా పట్టణము మొగలాయి సుబాకు ముఖ్యస్థానమైనది. అచ్చటి సుబేదారులు వేయించిన తోటలు హైదరలీ మనస్సును ఆకర్షించినవని, 1760లో బెంగళూరున ఆయన నలుబది యెకరములలో ఆరంభించిన లాల్‌బాగునకు అవియే ఒరవడియని చెప్పుదురు. టిప్పు సుల్తాను కాబూలు, పారశీకము, తురుష్కదేశము మొదలగు చోట్లనుండి మొక్కలు తెప్పించెను. ఈ తోటలో పాటుపడిన చేతులలో తిగళుల చేతులు ముఖ్యమైనవి. వారి పూర్వులు తమిళదేశమునుండి వచ్చినవారు. సంవత్సరమునకు రెండు మారులు, గణతంత్ర దినమునకును స్వాతంత్ర్య దినమునకును, మనము కుటుంబసమేతముగా లాల్‌బాగు పుష్పప్రదర్శనమునకు పోయి, గాజుమేడ యెదుట నిలిచి ఫోటోలు తీయించుకొందుము. ఆ మేడకు పునాది పడిన 1889 నాటికి తోట వయస్సు నూట ముప్పది యేండ్లకు చేరువైనదని మనలో నెందరు తలపోసిరి?

కృష్ణరాజసాగరమునకు పొండు. ఆ ఆనకట్ట పని 1911లో ఆరంభమైనది. అప్పటి మైసూరు ముఖ్య ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు వలసవచ్చిన తెలుగువారు. మనవలెనే ఇంటిపేరులో ఊరిని మోసికొని వచ్చినవారు. ఆ ఆనకట్ట దిగువున కాశ్మీరపు షాలిమారును మనస్సున నుంచుకొని బృందావనోద్యానమును వేయించినది దివాను మీర్జా ఇస్మాయిలుగారు. ఆయన తాతగారు పారశీకమందలి షిరాజునుండి గుఱ్ఱముల వ్యాపారమునకై బెంగళూరు చేరినవారు. తోటకు రూపము దిద్దిన క్రుంబీగెల్ జర్మనుడు. 1927లో మొదలిడిన పని 1932 నాటికి పూర్తియైనది. తెలుగు మూలపు ఇంజనీరు నిలిపిన నీరు, షిరాజు మూలపు దివాను కోరిక, జర్మనుని గీత, కన్నడ కూలివారి చెమట: ఇన్ని కలిసిన ఆ తోటకు పెట్టిన పేరు బృందావనము! ఇది యెవరిదని అడుగువానికి మేమేమి చెప్పవలెను?

పరాయిగడ్డపై నాటుకొని వేళ్లు దిగిన దానిని పరాయిదని త్రోసివేయు న్యాయమే నిలిచినచో, ఆ న్యాయమునకు మొదట బలియగువారము మనమే. మూడు తరములు, ఐదు తరములు, కొన్నియెడల పది తరములుగా మనము కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో బ్రదుకుచున్నాము. ఇచ్చటి నీరు త్రాగి, ఇచ్చటి ఎండకు వాడి, మన మాటను మనము నిలుపుకొనుచున్నాము. "మీరు ఇచ్చటివారు కారు" అని యెవరైన అన్ననాడు మన మనస్సు నొచ్చదా? మనకు చెప్పకూడదని మనము కోరు మాటను మన సంఘము వెనుకనున్న చెట్టుకు చెప్పుట ధర్మమా?

రెండవ వాదము: ఇవి ప్రజల రక్తము పీల్చి వేసిన విలాసములని. ఇందులో సత్యము లేకపోలేదు. లాహోరులో షాజహాను 1641లో ఆరంభించిన షాలిమారునకు నాలుగువందల పది చిమ్మనగ్రోవులు. వానికై నూరు మైళ్ల దూరమునుండి కాలువ తెచ్చిరి. ఆ కాలువ త్రవ్విన కూలివాని పేరు ఏ శాసనమునను లేదు. మహారాష్ట్రమున ఔరంగజేబు భార్య దిల్రస్ బానూ బేగమునకు కుమారుడు కట్టించిన బీబీ కా మఖ్బరా తోటలో పాదులు త్రవ్వినవాని పేరు సైతము మనకు తెలియదు. ఇది అన్యాయమే. కాని ఆ యన్యాయమునకు ప్రాయశ్చిత్తము తోటను చెరచుటయా? పాదుషా చేసినది ఆజ్ఞ. తోట చేసినది తోటమాలి. తోటను కూల్చినచో పాదుషాకు నష్టమేమి? ఆ పేరులేని మనుజుని చేతిపని ఒక్కటే నశించును. ఈ వాదమును పట్టి లాగినచో ఏ గోపురమును మిగులదు.

మూడవ వాదము: నీరెక్కడిదని. త్రాగునీటికే ట్యాంకరు కొరకు కాచుకొను నగరములో తోటకు నీరా? ఇది గట్టి ప్రశ్న. గట్టిగనే సమాధానము చెప్పవలెను. నేడు మనము పెంచుచున్నది తోట కాదు, గడ్డి. పచ్చిక పరపునకు నీడ లేదు, పండు లేదు. దినదినము నీరు చల్లనిదే పచ్చదనము లేదు. ఆంగ్లేయుల కాలమున పలు మొగలాయి తోటలలో పండ్లచెట్లు పోయి పచ్చికలు వచ్చినవి. తాజ్‌మహలు ముందు నేడు మనము చూచు విశాలమైన పచ్చిక చాలవరకు ఆ మార్పు ఫలమే. ఆ రూపమును చూచి, అదియే మొగలాయి తోటయని భ్రమించి, అపార్టుమెంట్ల ముంగిట దానినే నకలు చేయుచున్నాము. అసలు తోటలోని మామిడి, దానిమ్మ లేళ్లు గడచిన కొలది వేళ్లు లోతునకు దించి, అడుగు నీటిని తామే వెదకికొనును. సిమెంటు నేలపై పడిన వాన మురుగుకాలువకు పోవును. పల్లపు మడిలో పడిన వాన భూమిలోనికి పోయి బావికి చేరును. నీటి కఱవు గల ఊరిలోనే ఇట్టి తోట మిక్కిలి అవసరము. ఈ పద్ధతి నీరు పుష్కలముగా నున్న సీమలో పుట్టలేదు. ఎడారి అంచున పుట్టినది.

నీటిని తెంచిన తోట యేమగునో చూచిన యుదాహరణమొకటి కలదు. లాహోరు షాలిమారు 1981లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. 1999లో ప్రక్కనున్న రహదారిని వెడల్పు చేయుటకై తోటకు నీరందించు ప్రాచీనపు తొట్ల ఏర్పాటును చాలభాగము పడగొట్టిరి. మరుసటి యేడు దానిని ప్రమాదమున నున్న వారసత్వముల జాబితాలో చేర్చిరి. ఆ జాబితానుండి బయటపడుటకు 2012 వరకు పట్టినది. తోటలోని చెట్టును ఎవరును ముట్టలేదు; మండపమును ఎవరును తాకలేదు. బండ్లకు దారి కావలెనని నీటి ఏర్పాటును చెరచిరి, అంతే. మా పొరుగూరి తీర్మానమునకు ఇంతకన్న దగ్గరి బంధువు మాకు కనబడుటలేదు.

దీనికి ఎదురైన యుదాహరణము ఢిల్లీలో నున్నది. హుమాయూను సమాధి తోట ఆంగ్లేయుల చేతిలో రూపు మారినది. 1947లో దేశవిభజన నాడు ఇల్లు వాకిలి కోల్పోయినవారికి అదియే శరణార్థి శిబిరమైనది. అట్టి కష్టకాలమున తోటకన్న మనుజుడే ముఖ్యము. అది తగిన పనియే. అటుపిమ్మట యేండ్ల తరబడి కాలువలు ఎండియుండెను. 1997లో పూనుకొని, మట్టిని తవ్వి, పాత కాలువల వాలును కొలిచి, చెట్లను మరల నాటి, 2003 నాటికి నీరు పారించిరి. గోలకొండ సమాధుల యావరణలో గూడ 2013 నుండి దశాబ్దమునకు పైగా పని సాగి, పాత మెట్లబావులు బాగుపడి మరల నీటితో నిండినవి. చచ్చినదని తలచిన తోట బ్రదుకుననుటకు ఇవి సాక్ష్యములు. కావలసినది మహదైశ్వర్యము కాదు. వాలు కొలుచు ఓపిక, బావిపై రేకు తీయు మనస్సు.

రాష్ట్రపతి భవనపు మొగలు తోట పేరు 2023లో అమృతోద్యానముగా మారినది. దానిపై కొందరు సంతోషించిరి, కొందరు ఖేదపడిరి. మేము ఆ కలహములోనికి పోము. పేరు ఏదైనను, ల్యుటెన్సు గీసిన ఆ కాలువలలో నీరు పారుచున్నదా, తోటమాలికి జీతము అందుచున్నదా యనునవే మా ప్రశ్నలు. పేరుకై పోట్లాడువారిలో పాదునకు చెంబెడు నీరు పోసినవారిని మేము తక్కువగా చూచితిమి.

ఇక మనలో మనము ఒక మాట చెప్పుకొనవలెను. సంస్కృతి యనగా ఏడాదికొక ఉగాది సభ, ఒక పద్యపఠనము, ఒక సన్మానము, ఒక విందు అని మన సంఘములు స్థిరపరచుకొన్నవి. ఇవి మంచివే, ఈ సంచిక సైతము అందులోనిదే. కాని పిల్లవానికి ఉగాదినాడు వేపపూవు అంగడిలో కొని పచ్చడి చేసి పెట్టుచున్నాము. వేపచెట్టును చూపుట మానితిమి. మామిడాకుల తోరణము మూరల లెక్కన కొనుచున్నాము. పొగడపూవు వాసన యెరుగని పిల్లకు కావ్యమందలి ఉద్యాన వర్ణనము ఎట్లు రుచించును? భాష గాలిలో నిలువదు. చెట్టు పేరు తెలిసిన నోట, పూవు పేరు తెలిసిన నోట నిలుచును. ఇంటికి దూరముగా పెరుగు మన బిడ్డలకు తెలుగుమాటలు నేర్పదలచినచో, నిఘంటువుకన్న నాలుగు మడుల తోట మేలైన బడి. పాదు, మడి, చిగురు, పిందె, దోర, తొడిమ: ఈ మాటలను సిమెంటుపై నిలిపి ఎట్లు నేర్పుదురు?

కావున ఆ సంఘ సభ్యులకు మా విన్నపము ఇది. కార్లకు ముందరి వీథివైపు స్థలమును చూచుకొనుడు. చాలనినాడు పండుగలకు వచ్చువారు బస్సులోనో ఆటోలోనో వత్తురు. తోట జోలికి పోకుడు. బావిపై రేకు తీయించి పూడిక తీయింపుడు. మేడపై పడిన వాననీటిని గొట్టముతో ఆ బావికి చేర్పుడు. రాతితొట్టిని కడిగి, నాలుగు కాలువలలో మట్టి తీసి, మొదటిమారు నీరు వదలునాడు పిల్లలందరిని పిలువుడు. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క చెట్టు పూచీ తీసికొనుడు. ఇందుకు కావలసిన ద్రవ్యము వార్షికోత్సవమునాటి శాలువలకును పూలదండలకును పెట్టు ఖర్చునకు మించునని మేము తలపము.

ఈ తోటను నాటిన పెద్దలు ఊరు విడిచి వచ్చినవారు. భాష తెలియని చోట, బంధువులు లేని చోట, మొదట వారు చేసిన పని బావి త్రవ్వుట, చెట్టు నాటుట. వారు పాదుషాల పద్ధతిని ఎన్నుకొనిరో, ఈ యూరి తోటమాలి తనకు వచ్చిన పద్ధతిలో వేసి యిచ్చెనో మాకు తెలియదు. వారికి అది పరాయిదిగా తోచలేదని మాత్రము నిశ్చయము. తోచినచో, నీరు మోసి పెంచియుండరు.

తోట యెవరిదని గదా ప్రశ్న? నీరు పోసినవానిది. మరుసటి సమావేశమున చేయి యెత్తుటకు ముందు సభ్యులు ఒక్కమారు వెనుకకు పోయి, ఆ మామిడిచెట్టు క్రింద కొంతసేపు నిలిచి రావలెనని మా ప్రార్థన.